బావమరిది ఎడమ మోకాలు

పోయినవారం మనం గొళ్ళేన్ని గోల్ ముందు తడిగడ్డి మీద బోర్లా పడి ఉండగా వదిలేసి వచ్చాం. సీజన్‌లో అది ఆఖరి మ్యాచ్. డ్రా అయినా చాలు, క్లబ్బు మూడో డివిజన్‌లో నిలుస్తుంది. ఓడితే కిందికి జారుతుంది. జారిన క్లబ్బును ఇక నడపనని యజమాని ముందే తెగేసి చెప్పాడు. మొదటి సగం ముగియబోతుండగా వచ్చిన కార్నర్ కిక్‌కు ఇద్దరు గాల్లోకి లేచారు. ఒకడు మన డిఫెండర్ గొళ్ళెం. రెండోవాడు అవతలి జట్టు ఫార్వర్డ్ మిడత. బంతి ఇద్దరికీ అందలేదు. మిడత మోచెయ్యి మాత్రం గొళ్ళెం ముక్కుకు అందింది. రిఫరీ కళ్ళు బంతి వెంట ఉన్నాయి. కిందపడ్డ మనిషిని లేపడానికన్నట్టు వంగి, మిడత గొళ్ళెం చెవిలో ఒక్క మాట అన్నాడు.

"ఇది నా మోకాలికి, బావా."

మిడత గొళ్ళెం భార్యకు స్వయానా తమ్ముడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. ఆ మాట అన్న పెద్దలెవరూ ఫుట్‌బాల్ చూసి ఉండరు.

గొళ్ళెం తన కాళ్ళ మీద తనే నడిచి డ్రెస్సింగ్ రూమ్‌కు చేరాడు. స్టాండు మెట్ల కింద మిగిలిన చోటే వాళ్ళ డ్రెస్సింగ్ రూమ్. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పొడుగువాళ్ళు గోడ దగ్గర తల వంచుకునే ఉండాలి. తడిసిన మేజోళ్ళ కంపు, నొప్పుల నూనె ఘాటు, పైన జనం అడుగులు వేసినప్పుడల్లా రాలే సున్నం. బల్ల చివర కూర్చోబెట్టి ముసలి ఫిజియో అతని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. ఆయన్ని క్లబ్బులో అందరూ తాత అనే పిలుస్తారు.

"నోటితో గాలి పీల్చు నాయనా. కళ్ళు మూసుకో."

రెండు బొటనవేళ్ళు ముక్కుకు అటూ ఇటూ ఆనించి, పక్కకు పోయిన ఎముకను ఒక్కసారిగా మధ్యకు నెట్టాడు. పుర్రె లోపల ఎక్కడో టక్కుమంది. గొళ్ళెం గొంతులోంచి వచ్చిన చప్పుడుకు ఎదురుగా నీళ్ళు తాగుతున్న గోల్‌కీపర్ సీసా దించేసి మొహం తిప్పుకున్నాడు. బకెట్లోకి రక్తం గడ్డలుగా జారింది.

"ఇన్నాళ్ళూ ముక్కుసూటి మనిషివన్న పేరుండేది నీకు. ఇకనుంచి ఆ మాట చెల్లదు," అన్నాడు తాత, ముక్కులో దూది కూరుతూ.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గొళ్ళేనికి నవ్వు రాలేదు. దెబ్బ అతనికి కొత్తా కాదు, లెక్కా కాదు. పదిహేడేళ్ళ వయసులో ఈ క్లబ్బుకే వచ్చాడు. తర్వాత రెండో డివిజన్ మొహం ఒక్క సీజన్ చూసి, మళ్ళీ మూడుకు దిగి, మూడు నాలుగు క్లబ్బులు తిరిగి, మోకాలి చిప్పలు అరిగాక ఇక్కడికే చేరాడు. దవడ ఒకసారి, పక్కటెముకలు రెండుసార్లు, వేళ్ళైతే ఎన్నిసార్లు విరిగాయో చేతినే అడగాలి. గోల్స్ కొట్టినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. గోల్ ఆపినవాడి మోచేతులు మాత్రం ఎప్పుడైనా ఆ ఫొటో అంచున కనిపిస్తాయి. అతని ఆటజీవితమంతా ఆ అంచునే గడిచింది. అయినా ఒక్కటి మాత్రం అతను గర్వంగా చెప్పుకునేవాడు. తను ఎవడి కాలూ విరగ్గొట్టలేదు. బంతి తీసుకుంటాడు, మనిషిని వదిలేస్తాడు. గొళ్ళెం పడితే తలుపు తెరుచుకోదు కానీ తలుపు పగలదు కదా, అనేవాడు.

ఇప్పుడతని బుర్రలో తిరుగుతున్నదల్లా ఒక్కటే. మోకాలి సంగతి వీడికి నా మీద కోపంగా ఎలా మారింది?

ఆ మోకాలి కథ తెలిసినవాళ్ళు ముగ్గురే. వానాకాలంలో మిడత తన క్లబ్బు ప్రాక్టీసులో కాలు మెలిపడి పడ్డాడు. ఎవరికీ చెప్పకుండా కుంటుకుంటూ అక్క దగ్గరికొచ్చాడు. అక్క ఆసుపత్రిలో స్కానింగ్ చేసే ఉద్యోగి. డ్యూటీ అయ్యాక తమ్ముణ్ణి మిషన్లో పడుకోబెట్టి చూసింది. ఎడమ మోకాలి లోపల లిగమెంటు సగం తెగి ఉంది. ఆపరేషన్ చేయించుకుని ఒక ఏడాది ఆట మానాలి. మిడత అక్క కాళ్ళూ బావ చేతులూ పట్టుకున్నాడు. సీజన్ చివర పెద్ద క్లబ్బువాళ్ళు తనని చూడటానికి వస్తున్నారు, అప్పటిదాకా నోరు మెదపకండని ఒట్టు వేయించుకున్నాడు. మేజోడు కింద బిగుతు పట్టీ వేసుకుని ఆడుతూ వచ్చాడు. అక్క తిట్టింది, ఏడ్చింది, తమ్ముడితో మాటలు మానేసింది. గొళ్ళెం మాత్రం ఒట్టు నిలబెట్టుకున్నాడు. వాడు పదేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు, పెళ్ళైన మర్నాడే కొత్త బావను సందులోకి లాక్కెళ్ళి, "నన్ను దాటనివ్వకుండా ఆపు చూద్దాం" అన్నవాడు. ఆ సందులో బావను దాటడం నేర్చుకునే ఇంతవాడయ్యాడు.

తలుపు దఢాలున తెరుచుకుంది. కోచ్ లోపలికొచ్చాడు.

కోచ్ కూడా ఒకప్పుడు డిఫెండరే. గొళ్ళేనికి పదిహేడేళ్ళప్పుడు చెవి పట్టుకుని ఆట నేర్పింది ఆయనే. తండ్రి లేని గొళ్ళేనికి పెళ్ళిలో తండ్రి స్థానంలో నిలబడిందీ ఆయనే. ఇవాళ ఆయన మొహం ఉప్పులో ఊరేసినట్టు ముడుచుకుపోయి ఉంది.

"ఇలా ఆడితే ఇంకో సగం నిలవలేం," అన్నాడు. "వాళ్ళలో ఆటగాడు ఒక్కడే. ఆ మిడతగాణ్ణి తీసేస్తే మిగిలిన పదిమందీ గడ్డి పీక్కోవాల్సిందే. వినండి." వంగి తన ఎడమ మోకాలు మీద అరచేత్తో చరిచాడు. "ఇది. లోపల లిగమెంటు సగం తెగి ఉంది. పట్టీ కట్టుకుని ఆడుతున్నాడు. పక్కనుంచి ఒక్కటి పడితే చాలు, లేవడు."

అందరూ గొళ్ళెం వైపు తిరిగారు. ఆ చూపుల్లో తప్పుపట్టడం లేదు. మెచ్చుకోలు ఉంది. సొంత బావమరిది గుట్టు జట్టు కోసం విప్పిన మగాడు అన్నట్టు చూస్తున్నారు. ముక్కు కన్నా ఆ మెచ్చుకోలే అతనికి ఎక్కువ మండింది.

"మీకెవరు చెప్పారు సార్?"

"ఎవరు చెబితే నీకెందుకు? అబద్ధమా?"

గొళ్ళెం ముక్కులోంచి జారుతున్న దూదిని వేలితో లోపలికి నెట్టుకున్నాడు.

"కాదుగా. వాడు నీ మనిషి. దిగంగానే పని అయిపోవాలి."

"నేను చెయ్యను సార్."

"ఏంటీ?"

"వాడి దగ్గర బంతి తీసుకోమంటే తీసుకుంటా. గోల్ కొట్టకుండా ఆపమంటే ఆపుతా. ఈ ముక్కుతోటే ఆపుతా. కాలు విరగ్గొట్టడం నావల్ల కాదు. అది తప్పని నాకు నేర్పింది మీరే."

"నేర్పినప్పుడు మనం మునగట్లేదురా!"

కోచ్ చెయ్యి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. పిడికిలి తిన్నగా వచ్చి అప్పుడే సరిచేసిన ముక్కు మీద పడింది. గొళ్ళెం తల వెనక్కెళ్ళి బట్టలు తగిలించే కొక్కేనికి కొట్టుకుంది. దూది ఎగిరిపోయింది. రక్తం పెదాల మీంచి గడ్డం దాకా జారింది. మరుక్షణం కోచ్ చొక్కా కాలరు గొళ్ళెం గుప్పిట్లో ఉంది. ఆయన్ని ఎత్తి గోడకేసి అదిమాడు. ఏటవాలు కప్పుకు ఆయన నడినెత్తి ఠపీమని తగిలింది. కుడి పిడికిలి వెనక్కి లాగాడు గొళ్ళెం. ఆయన కళ్ళలో భయం లేదు. కొట్టరా, కొట్టు, అప్పుడైనా నీలో డిఫెండరు ఉన్నాడేమో చూస్తాను అన్నట్టున్నాయి ఆ కళ్ళు. పిడికిలి అలాగే ఆగింది. పెళ్ళిలో పక్కన నిలబడ్డ మనిషి. వేళ్ళు ఒక్కొక్కటే విడిచాడు.

కోచ్ కాలరు సర్దుకున్నాడు. "నీకు బదులు దింపడానికి బెంచీ మీద ఒక్క డిఫెండరు లేడు, బతికిపోయావు," అన్నాడు ఆయాసపడుతూ. "పక్కకుండు చాలు. బండా, నువ్వు."

బండ అంటే వెనక వరసలో గొళ్ళెం పక్కన ఆడే కుర్ర డిఫెండరు. పేరుకు తగ్గ శరీరం. వాడు తల దించుకుని బూట్ల వంక చూసుకుంటూ, "సరే సార్," అన్నాడు.

ఆ సరే చాలా తొందరగా వచ్చింది. మాట మొదటిసారి విన్నవాడి సరే కాదది.

కోచ్ బయటికి వెళ్ళాక గొళ్ళెం వాడి భుజం పట్టుకున్నాడు. "నీకు ముందే తెలుసు కదరా?"

"పొద్దున చెప్పారన్నా."

"వాడితో ఏమన్నా అన్నావా?"

బండ బూటు తాడు బిగించుకున్నాడు. "వార్మప్‌లో... ఊరికే బెదిరిద్దామని. ఎడమ మోకాలెలా ఉంది తమ్ముడూ అన్నా. అంతే అన్నా."

అంతే. ఇంత దాచినందుకు, నోరు మూసుకున్న పాపానికి, గొళ్ళెం ముక్కు పగిలింది.

మైదానంలోకి తీసుకెళ్ళే సన్నటి సొరంగంలో రెండు జట్లూ పక్కపక్కనే నిలబడ్డాయి. బూటు మేకులు సిమెంటు మీద గీసుకుంటున్నాయి. గొళ్ళెం వరస తప్పి మిడత పక్కకు చేరాడు.

"ఒరేయ్, నా మాట విను. బండ పక్కనుంచి వస్తాడు. బంతికి కాదు, మోకాలికి వస్తాడు. ఏదో నొప్పని చెప్పి బయటికెళ్ళిపో."

"ఎందుకు? మీరు గెలవడానికా?"

"నేనెవరికీ చెప్పలేదురా."

"ముగ్గురికే తెలుసు బావా." మిడత పళ్ళ మధ్య నుంచి మాట్లాడుతున్నాడు. "నేను చెప్పలేదు. అక్క చచ్చినా చెప్పదు. ఇక మిగిలిందెవరో చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు. పైన పెద్ద క్లబ్బువాళ్ళు కూర్చున్నారని తెలిసి, ఇవాళే దొరికిందా నీకు? నిన్ను చూసేగా నేను బూట్లు కట్టుకున్నది!"

ఉమ్మేశాడు. ఉమ్మి గొళ్ళెం చొక్కా మీద, క్లబ్బు గుర్తు మీద పడింది. వెనకనుంచి ఎవడో తోశాడు, ఇంకెవడో తిరిగి తోశాడు, రిఫరీ ఈల వేసి అందర్నీ వెలుతురులోకి నడిపించాడు. రిఫరీకి చెబుదామా అనిపించింది గొళ్ళేనికి. ఏమని? మావాళ్ళు ఒకడి కాలు విరగ్గొట్టబోతున్నారనా? జరగనిదానికి ఏ రిఫరీ దగ్గరా కార్డు ఉండదు.

రెండో సగం మొదలయ్యేసరికి చినుకులు పడుతున్నాయి. బండ ఆలస్యం చెయ్యలేదు. మొదటిసారి మిడత కాలికి బంతి తగలగానే పక్కనుంచి నేల మీద జారుతూ వచ్చాడు, ఒక కాలు మోకాలి ఎత్తులో. మిడత పేరు నిలబెట్టుకున్నాడు. చివరి క్షణంలో రెండు కాళ్ళూ ఎత్తి ఎగిరాడు. బూటు మేకులు మేజోడును చీల్చి పిక్క మీద ఎర్రటి గీతలు గీశాయి. జనం లేచి అరిచారు. బండకు పసుపు కార్డు.

"అన్నా, నువ్వు పక్కకుండు," అన్నాడు బండ, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ. ఏడుపు మొహం వాడిది.

"ఇంకోసారి వెళ్ళావంటే ముందు నీ కాలు నేనే విరగ్గొడతా."

"క్లబ్బు మూతపడితే నన్నెవడు తీసుకుంటాడన్నా? నిన్నంటే నలుగురూ ఎరుగుదురు. నాకిద్దరు పిల్లలు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది గొళ్ళెం పని. ఇంతకాలం ఆటలో అతనికి ఎప్పుడూ కాపలా కాయాల్సింది ఒక్కణ్ణే. ఇవాళ ఇద్దర్ని కాయాలి. ఒకడు అవతలి చొక్కావాడు, ఒకడు తన చొక్కావాడు. బండ కదిలితే తను ముందే కదిలి బంతిని స్టాండులోకి తన్నేస్తున్నాడు. బండ పరుగు అందుకుంటే భుజం అడ్డం పెట్టి దారి మళ్ళిస్తున్నాడు. ఒకసారి ఇద్దరూ ఢీకొని కిందపడ్డారు, బండ నుదురు చిట్లింది. ఇదంతా మిడతకు వేరేగా కనిపించింది. బావ తన కాళ్ళ చుట్టూ ఇంత పట్టుగా తిరుగుతున్నాడంటే మోకాలి కోసమే అనుకున్నాడు. దొరికినప్పుడల్లా మోచెయ్యి పక్కటెముకల్లోకి దించాడు. ఒకసారి కింద ఆనించిన బావ చేతివేళ్ళ మీద బూటుతో తొక్కి, మేకులు దిగేలా మడమ తిప్పాడు. చిటికెన వేలి గోరు లేచిపోయింది. గొళ్ళెం ఆ చేతిని చంకలో పెట్టుకుని మళ్ళీ వాడి వెనకే నడిచాడు. నోటితో ఊపిరి పీలుస్తూ, మింగిన రక్తం కక్కుతూ, వాడి ఎడమ మోకాలి మీంచి కళ్ళు తియ్యకుండా.

ఆట ముగింపుకొచ్చింది. రెండువైపులా సున్నాలే. ఇంకాస్త ఓర్చుకుంటే క్లబ్బు బతుకుతుంది. స్టాండులో జనం ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడొచ్చింది ఆ పొడుగు బంతి. అందరి నెత్తుల మీదుగా వచ్చి మిడత రొమ్ము మీద వాలి, బుద్ధిగా వాడి పాదాల ముందు పడింది. వాడు తిరిగాడు. గొళ్ళేన్ని దాటాడు. చిన్నప్పుడు సందులో దాటినట్టే, ఎడమకు వెళ్తానని నమ్మించి కుడికి. పెనాల్టీ గీత దాటి లోపలికి వెళ్ళాడు. ముందు గోల్‌కీపర్ ఒక్కడే. కుడికాలితో కొట్టడానికి ఎడమకాలు నేలలో పాతినట్టు ఆనించాడు. ఒంటి బరువంతా ఆ మోకాలి మీదే.

ఎడమవైపు నుంచి బండ వస్తున్నాడు. రెండు కాళ్ళూ నేల మీంచి లేచి ఉన్నాయి. రెండు బూట్ల అడుగులూ కనిపిస్తున్నాయి. కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాడు.

గొళ్ళెం ఒక్క అంగ వెనక ఉన్నాడు. బంతి అతనికి అందదు. బండ అందడు. అందేది ఒక్కటే, బావమరిది వీపు. రెండు చేతులూ ఎత్తి, ఉన్న బలమంతా కూడగట్టి, వాడి వీపు మీద తోశాడు. మిడత ముందుకు ఎగిరి గడ్డి మీద బోర్లా పడి జారిపోయాడు. వాడి ఎడమకాలు ఉన్న చోటుకు, ఆ తోపు ఊపులో గొళ్ళెం కుడికాలు వచ్చింది.

పింగాణీ గిన్నెను గుడ్డలో చుట్టి రాతికేసి కొడితే వచ్చే చప్పుడు వచ్చింది. గట్టిగా కాదు, నిండుగా. మోకాలికీ మడమకూ మధ్య, కాలు వంగకూడని చోట వంగింది. గొళ్ళెం కిందపడి ఆ కాలును చూసుకున్నాడు. ఎముక మొన మేజోడును లోపల్నుంచి గుడారంలా లేపి ఉంది. నొప్పి ఇంకా రాలేదు. వస్తున్నదని మాత్రం తెలుస్తోంది, రైలు రాకముందు పట్టాలు అదిరినట్టు. అప్పుడొచ్చింది. అతను అరిచిన అరుపు స్టాండు పై వరస దాకా వెళ్ళింది.

రిఫరీ ఈల వేసి పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించాడు. చెయ్యి జేబులో పెట్టి ఎర్ర కార్డు తీశాడు. వెనకనుంచి తోసినవాడు గొళ్ళెం కాబట్టి కార్డు అతనికే. నేల మీద పడి ఉన్న మనిషికి చూపించడానికి రిఫరీ కాస్త వంగాల్సి వచ్చింది.

స్టాండు నుంచి చూసినవాళ్ళకు కనిపించింది ఇదీ: గట్టెక్కబోయే నిమిషంలో, బావ వెళ్ళి బావమరిదికి పెనాల్టీ చేతిలో పెట్టాడు.

"కంచే చేను మేసిందిరా!"

"ఇంటి దొంగ! అమ్ముడుపోయాడు!"

నీళ్ళ సీసాలు వచ్చి పడ్డాయి. ఒక సీసా గొళ్ళెం చెంప మీద పగిలింది. విరిగిన కుర్చీ చెక్క ఒకటి గాలిలో తిరుగుతూ వచ్చి తాత వీపుకు తగిలింది. తాత లెక్కచెయ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వణుకుతున్న కాలును రెండు చేతులతో అలాగే పట్టుకున్నాడు. బండ పాకుతూ వచ్చాడు.

"ఎందుకొచ్చావన్నా మధ్యలోకి? ఎందుకన్నా వచ్చావు?" చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. గొళ్ళెం రక్తం వాడి బూటు మేకుల మధ్య గడ్డితో కలిసి అంటుకుని ఉంది.

మిడత లేచి కూర్చున్నాడు. నోటినిండా మట్టి. ముందు బావ కాలును చూశాడు. తర్వాత బండ బూట్లను. తర్వాత తన ఎడమ మోకాలి వంక చూసుకున్నాడు. దానికి గీత కూడా పడలేదు. ముగ్గురిలో ఎవరెవరు ఎక్కణ్ణుంచి వచ్చారో, తను ఎక్కడ నిలబడి ఉన్నాడో వాడికి అప్పుడు అర్థమైంది. వాడి మొహంలో రంగు పోయింది.

"బావా..."

"నేను చెప్పలేదురా," అన్నాడు గొళ్ళెం. పళ్ళు కరచుకుని ఆ ఒక్క మాటే అనగలిగాడు.

"మరెవరు?" అని మిడత అడుగుతుండగానే స్ట్రెచర్ వచ్చింది. గొళ్ళేన్ని ఎత్తుకుని, సీసాల వానలోంచి లోపలికి పరిగెత్తారు.

వైద్యం గది అన్నది పేరుకే. ఒక బల్ల, ఒక సింకు, గోడ మీద అరిగిపోయిన కండరాల పటం. తాత కాలుకు చెక్కలు ఆనించి కట్టు మొదలుపెట్టేసరికి కాపలావాణ్ణి తోసుకుని భార్య లోపలికొచ్చింది. స్టాండు మెట్లన్నీ పరిగెత్తి దిగినట్టుంది, ఒక కాలికి చెప్పు లేదు. ఏడవలేదు. ఆసుపత్రి మనిషి కదా, ముందు పాదం మీద వేళ్ళు ఆనించి రక్తం ఆడుతోందో లేదో చూసింది.

"వేళ్ళు కదుపు."

కదిపాడు. బొటనవేలు కాస్త కదిలింది.

"రెండెముకలూ పోయాయి తాతా. కట్టు కిందనుంచి రానివ్వండి. అంబులెన్సుకి చెప్పారా?"

"చెప్పానమ్మా. గేటు దగ్గర జనం. దారివ్వట్లేదట," అని తాత చివరి ముడి వేసి, మైదానంలో బండ నుదుటికి కుట్లు వెయ్యాలని బయటికి వెళ్ళాడు.

ఇద్దరే మిగిలారు. ఆమె అతని చొక్కా మీది ఉమ్మి, రక్తం, మట్టి తడిగుడ్డతో తుడుస్తోంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"ఆడతానా మళ్ళీ?"

ఆమె తలెత్తకుండా తుడుస్తూనే ఉంది. జవాబేమిటో అతనికి తెలుసు. ఇన్నేళ్ళ ఆట ఈ బల్ల మీద ముగిసిందన్నమాట. అదీ తన జట్టువాడి బూటు కింద, తన జనం తిట్ల మధ్య.

"వాడి మోకాలి సంగతి కోచ్‌కెలా తెలిసిందో అర్థం కావట్లేదు," అన్నాడు. "వాడేమో నేనే చెప్పాననుకుని..."

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"నేనే చెప్పాను."

బాధలో సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు.

"నిన్న మీ కోచ్ ఇంటికి వెళ్ళాను. నేనే చెప్పాను." ఆమె గొంతు నిలకడగానే ఉంది. "వాడు నా మాట వినలేదు. నీ మాటా వినడు. ఆ మోకాలితో ఇంకొక్క మ్యాచ్ ఆడినా జీవితాంతం కుంటాల్సిందే, స్కాన్ చూసింది నేను కదా. వాళ్ళ క్లబ్బు డాక్టరుకి నేను చెబితే దొంగచాటుగా స్కాన్ తీశానని నా ఉద్యోగం పోతుంది. ఆ డాక్టరూ మీ కోచూ పాత స్నేహితులు. ఈయన ఒక్క మాట చెబితే వాణ్ణి కూర్చోబెట్టేస్తారనుకున్నా. మన పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డ పెద్దమనిషి కదా అని..."

"ఏమన్నాడు?"

"మంచినీళ్ళిచ్చాడు. కళ్ళు తుడుచుకోమన్నాడు. 'నాకొదిలెయ్యమ్మా, రేపు నీ తమ్ముడు ఆడకుండా నేను చూసుకుంటా' అన్నాడు."

గొళ్ళెం నవ్వబోయాడు. పగిలిన ముక్కులోంచి ఆ నవ్వు రక్తపు బుడగలా వచ్చింది. అబద్ధం ఆడలేదు పెద్దాయన. అన్నమాట ప్రకారమే చూసుకోబోయాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్ళనిచ్చేవాడివా?"

అతను ఆమె చేతిని తన చొక్కా మీంచి తోసేశాడు. ఆ ఒట్టు కోసం తను ముక్కు ఇచ్చాడు, వేళ్ళు ఇచ్చాడు, ఇప్పుడు కాలు ఇచ్చాడు. అది నిన్ననే తెగిపోయిందని తెలియక ఇచ్చాడు. కోపం గొంతుదాకా వచ్చింది. ఆమె మొహం చూశాడు. చెప్పులేని పాదం చూశాడు. తమ్ముణ్ణి కాపాడుకోబోయి, తమ్ముణ్ణీ మొగుణ్ణీ ఒకే కత్తి కిందికి నెట్టిన మనిషి. ఆమె లేచింది.

"వాడికి చెప్పాలి. నువ్వు కాదు, నేనని చెప్పాలి. ఇప్పుడే."

"ఆగు," అన్నాడు.

పైన స్టాండు ఒక్కసారిగా అదిరింది. సున్నం రాలి ఇద్దరి మీదా పడింది. గొళ్ళెం చెవి రిక్కించాడు. గోల్ పడితే వచ్చే హోరు అతనికి తెలుసు. పెనాల్టీ తప్పితే వచ్చే హోరూ తెలుసు. ఇది ఆ రెండూ కాదు. వేలమంది ఒకేసారి గాలి లోపలికి పీల్చినట్టు వచ్చి, టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్కడో ఒక ఆడమనిషి కేక. పరుగెత్తే అడుగులు.

తలుపు తెరుచుకుంది. తాత నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా రక్తం.

"పెనాల్టీ ఏమైంది తాతా?"

"ఎవరూ కొట్టలేదు నాయనా. బంతి చుక్క మీదే ఉంది. నీ బావమరిది బంతి దగ్గరికెళ్ళాడు. నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, మోకాలి సంగతి నీకెవరు చెప్పారని బండని అడిగాడు. బండ చేత్తో మన బెంచీ వైపు చూపించాడు. అంతే, బంతిని వదిలేసి అటు నడిచాడు."

"ఆ రక్తం ఎవరిది తాతా?"

తాత గొళ్ళెం వైపు చూడనైనా లేదు. గోడకు ఆనుకుపోయిన ఆమె వైపే చూస్తున్నాడు.

"నువ్వు రా అమ్మా," అన్నాడు. "తొందరగా రా."